మధ్య సైజు

క్విల్లెన్ ఫోర్క్, కెంటకీ
ఫిబ్రవరి 9

అన్నయ్యా,

నీ టైపు ఉత్తరం అందింది. రెండేళ్లుగా నువ్విలా మిషను మీద కొట్టి పంపుతుంటే బ్యాంకువాళ్లు రాసినట్టుగా ఉంటోంది. కవరు చింపేటప్పుడల్లా నేనేం తప్పు చేశానా అని గుండె దడ. నీ కోడిగీతలు చదవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటేగా. పోనీలే, డెబ్బై దాటాక అన్నగారికి దర్జా వచ్చిందనుకుంటాను. ఫోను చేద్దామంటే నువ్వు యాభై ఏళ్లు తుపాకులు బాగుచేసే కొట్లో కూర్చుని చెవులు పోగొట్టుకున్నావు, నాకా ఈ లోయలో సిగ్నలు లేదు. మనకు పోస్టుమ్యానే గతి.

నా రివాల్వర్ల సంగతి మళ్లీ మొదలుపెడుతున్నాను, విసుక్కోకు. ఐదు తూటాల చిన్నది ఉంది కదా, దాని పిడి నా అరచేతిలో సగానికే వస్తుంది. పేల్చినప్పుడల్లా బొటనవేలి మొదట్లో మేకు దిగినట్టుంటుంది. మా ఆయన రాయిస్ వదిలి వెళ్లిన ఆరు తూటాలదేమో చేతికి హాయిగా ఉంటుంది గాని, నడుముకు పెట్టుకుంటే నా నర్సు పైజామా మోకాళ్లకు జారుతుంది. రోగుల ముందు నర్సు పరువు ఏం కావాలి? ఈ రెంటికీ మధ్య సైజు ఒకటి ఎందుకు చెయ్యరు అన్నయ్యా? ఆరు పట్టాలి, పిడి నా చేతికి సరిపోవాలి, చొక్కా కింద ఉన్నట్టు తెలియకూడదు. వీటిని చేసేవాళ్లందరూ ఎలుగుబంటి చేతుల మగాళ్లేనా?

ఇన్నాళ్లూ చేతిసంచీలో పెట్టుకుని తిరిగాను. ఇక అలా కుదరదు. అక్టోబరు నుంచి మన కార్లీన్ తన కూతురు జోసీని నా ఇంటికి పంపడం లేదు. తుపాకీ ఇంట్లో లేకపోతేనే పిల్ల వస్తుంది అంది. ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తానన్నాను. వద్దంటే వద్దంది. ఉన్నది ఒక్కగానొక్క మనవరాలు. నాలుగు నెలలైంది దాని తల నిమిరి.

అలాగని లేకుండా తిరగలేను. అయిదేళ్ల కిందట ఎల్క్ లిక్ రోడ్డు మీద మత్తుకు వాడే నొప్పి మాత్రల కోసం నా కారు ఆపి వాళ్లిద్దరూ ఏం చేశారో, నా ఎడమ చెంప ఎముక ఎలా అతుక్కుందో నీకు తెలుసు. వారానికి తొమ్మిది మంది రోగుల ఇళ్లు తిరుగుతాను, అన్నీ ఆ రోడ్డు మీదివే. అందుకే ఒంటి మీదే ఉండి, నా కూతురికి కూడా తెలియనంత చిన్నది కావాలి. నువ్వే చెయ్యాలి.

ఇంకొకటి. రెండేళ్ల కిందట నువ్వు ఆ చిన్నదాని ట్రిగ్గర్ తేలిక చేసి పంపావు కదా, అది మళ్లీ నాకు బరువైపోయింది. కీళ్లనొప్పులతో నా వేళ్లు అంత పాడయ్యాయన్నమాట. డాక్టరు కొత్త మాత్రలు రాశాడు. ఇంకొంచెం తేలిక చెయ్యగలవా?

నీ చెల్లెలు
వెర్నెల్


ఆర్డెల్, మిస్సోరి
మార్చి 2

చెల్లీ,

ఎలుగుబంటి చేతుల మగాళ్ల తరఫున క్షమాపణలు.

మధ్య సైజు అడిగిన మొదటి మనిషివి నువ్వు కాదు, నేను. ముప్ఫై ఏళ్లుగా కంపెనీలకు రాస్తూనే ఉన్నాను. నా బల్ల రెండో సొరుగు నిండా వాళ్ల జవాబులే. అన్నిట్లోనూ ఒకటే మాట: మీ సూచనకు కృతజ్ఞతలు, పరిశీలిస్తాము. ఒకాయన మాత్రం చివర్లో చేత్తో రాశాడు, నేనూ మీలాగే అడుగుతున్నానండీ, ఇక్కడ నా మాటా ఎవరూ వినరు అని. ఆ ఉత్తరం మటుకు అట్టకి అంటించి గోడకు పెట్టుకున్నాను.

ఈ పనిలో ఇనుము ముట్టేముందు కొయ్యతో చూసుకోవడం నా పద్ధతి. ఇనుము ఒకసారి కోస్తే మళ్లీ అతకదు. పార్సిల్లో రివాల్వర్ ఆకారంలో చెక్కిన మూడు కొయ్య ముక్కలు పంపుతున్నాను, అంకెలు వేసి ఉన్నాయి. ఒకటి నీ చిన్నదానికంటే కాస్త పెద్దది, మూడు రాయిస్ దానికంటే కాస్త చిన్నది, రెండు వాటి మధ్యది. లోపల సీసం పోసి బరువు సరిచేశాం. ఒక్కొక్కటి పది రోజులు నడుముకు పెట్టుకో. నీలం సుద్ద కూడా పంపాను. రోజూ పొద్దున కొయ్యకు అది పూసి పెట్టుకుంటే, సాయంత్రానికి చొక్కా లోపల ఎక్కడ రంగు అంటిందో అక్కడ ఒరుసుకుంటున్నట్టు లెక్క. అది చూసి రాయి. ఏది కుదిరిందో చెబితే పాత రివాల్వరొకటి తీసి ఆ కొలతకు తగ్గిస్తాను.

ట్రిగ్గర్ సంగతి అప్పుడు చూద్దాం.

దొంగకు కనపడకుండా దాచే సైజు చెయ్యగలను గాని, కార్లీన్‌కు కనపడని సైజు నా వల్ల కాదు. నాలుగేళ్ల వయసులో పిండి డబ్బా అడుగున దాచిన క్రిస్మస్ బొమ్మను పట్టేసిన పిల్ల అది. ఇంతకీ అక్టోబరులో ఏం జరిగిందో నువ్వు రాయలేదు. కార్లీన్ ఊరికే బిగుసుకుపోయే మనిషి కాదు. తుపాకులున్న ఇంట్లోనే పెరిగింది. నువ్వేదో మింగుతున్నావు.

అన్న
డెల్బర్ట్


క్విల్లెన్ ఫోర్క్
ఏప్రిల్ 21

అన్నయ్యా,

ముప్ఫై రోజులూ మోశాను. నీ నీలం సుద్ద నా చొక్కాలన్నిటినీ పాడుచేసింది. బట్టలుతికే మిషన్ల కొట్లో ఆడవాళ్లు నన్ను అనుమానంగా చూస్తున్నారు.

ఒకటో నంబరు పనికిరాదు. ఎల్క్ లిక్ చివర హైరమ్ సెక్స్‌టన్ ఉన్నాడు కదా, ఎనభై ఎనిమిదేళ్లవాడు, ఒంటరిగా ఉంటాడు, బొగ్గు గని పనితో పాడైన ఊపిరితిత్తులు, ముక్కులో ఎప్పుడూ ఆక్సిజన్ గొట్టం. ఆయన రక్తపోటు చూడ్డానికి వంగితే, ముక్క జారి సరిగ్గా ఆయన ఒళ్లో పడింది. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంటి నర్సమ్మా, మీ ఆఫీసువాళ్లు మరీ కొయ్యవి ఇచ్చేదాకా వచ్చారా?" అన్నాడు. తర్వాత నవ్వలేక దగ్గుతూ పావుగంట. మూడోది కూర్చుంటే డొక్కలో పొడుస్తోంది. రెండోది మాత్రం పెట్టుకున్న సంగతే మర్చిపోయాను. అద్దంలో పక్కకు తిరిగి చూసుకున్నా ఏమీ తెలియలేదు. నాకు కావలసింది అదే. నీలం రంగు పిడి అడుగు మూల దగ్గర ఒక్కచోటే అంటింది, అక్కడ కాస్త గుండ్రం చేస్తే చాలు.

ఇక నువ్వు అడిగింది. రాయకుండా ఉందామనుకున్నాను. నీకైనా చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను?

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి సంచీ మంచం మీద పడేశాను. మామూలుగా అల్మారా పైన పెడతాను, ఆ రోజూ పెట్టాననే అనుకున్నాను. నేను వంటింట్లో మొక్కజొన్న రొట్టె పొయ్యిలోంచి తీస్తున్నాను, కార్లీన్ చిక్కుడుగింజల కూర గిన్నెల్లో పోస్తోంది. జోసీ గుమ్మంలో నిలబడింది. రెండు చేతులతో పట్టుకుని ఉంది అన్నయ్యా. రివాల్వర్ గొట్టం మొహం వైపే పెట్టుకుని లోపలికి చూస్తోంది. "అమ్మమ్మా, నీది పాడైపోయింది. రెండు వేళ్లతో లాగాను, రాలేదు" అంది.

కార్లీనే మెల్లగా వెళ్లి తీసుకుంది. తీసుకుని బల్ల మీద పెట్టి, పిల్లకు బూట్లయినా వెయ్యకుండా ఎత్తుకుని కారెక్కింది. ఒక్క మాటన్నా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నువ్వు నీ చేత్తో తేలిక చేసిన ట్రిగ్గర్ అది. అయినా ఆ క్షణాన కదల్లేదంటే దేవుడే వేలు అడ్డం పెట్టాడు. ఆర్నెల్లుగా రోజూ మోకాళ్ల మీద కూర్చుని అదే తలుచుకుంటున్నాను. ఇక జన్మలో సంచీలో పెట్టను. ఒంటి మీద ఉంటే పిల్ల చేతికి ఎలా చిక్కుతుంది? అందుకే ఆ రెండో నంబరు నాకు కావాలి. త్వరగా చెయ్యి. నాకు పిల్లను చూడాలనుంది.

వెర్నెల్


ఆర్డెల్
మే 9

వెర్నెల్,

ఈ ఉత్తరం చేత్తో రాస్తున్నాను. అక్షరాలు చూసి భయపడకు. ఈ రెండు పేజీలకు నాలుగు రోజులు పట్టింది.

మూడేళ్లుగా నా చేతులు వణుకుతున్నాయి. మొదట కాఫీ కప్పు నిలవలేదు, తర్వాత స్క్రూడ్రైవరు. డాక్టరు దానికో పేరు చెప్పాడు, తగ్గేది కాదన్నాడు. అందుకే టైపు మిషను కొన్నాను. నీకు పంపిన కొయ్య ముక్కలు కూడా నేను చెక్కినవి కావు. మా పక్కింటి లైమన్ కొయ్య బాతులు చెక్కుతాడు, వాడి చేత చేయించాను. నేను పక్కన కూర్చుని ఇక్కడ తియ్యి, అక్కడ తియ్యి అన్నాను, అంతే. పాత రివాల్వర్ తీసి తగ్గిస్తానని నీకు రాసినప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. ఒక మంచిరోజు వస్తుందేమో, చెయ్యి ఒక్క వారం నిలకడగా ఉంటుందేమో అని ఆశపడ్డాను.

అసలు చెప్పవలసింది ఇది కాదు.

రెండేళ్ల కిందట నువ్వు నీ రివాల్వర్ పంపావు. పక్క రేకు తీశాను. స్ప్రింగు పట్టుకోబోతే మూడుసార్లు చెయ్యి జారింది. నాలుగోసారి అది ఎగిరి బీరువా వెనక పడింది. దాన్ని వెతుకుతూ నేల మీద కూర్చుని ఏడ్చాను. దొరికాక, ఆ పాత స్ప్రింగునే లైమన్ చేత మళ్లీ లోపల పెట్టించి, రేకు మూసి, నూనె తుడిచి, తేలిక చేశాను చెల్లీ అని నీకు రాశాను. ఏమీ చెయ్యలేదు. కంపెనీవాడు ఎలా ఇచ్చాడో అలాగే ఉంది. ఊరూరా పేరున్న డెల్బర్ట్ కూంబ్స్ సొంత చెల్లెలి పని చెయ్యలేకపోయాడని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది.

నీ వేళ్లు పాడవలేదు. అది మొదటి నుంచీ అంత బరువే.

నీ ఉత్తరం చదివాక కొట్లోకి వెళ్లి కూర్చున్నాను. జీవితమంతా ట్రిగ్గర్లకు బరువులు వేలాడదీసి తూచాను. ఎంత తగ్గిస్తే ఏ చేతికి వస్తుందో నాకు కంఠతా వచ్చు. నీ నొప్పి వేలికి వచ్చేలా ఎంత తగ్గించాలో ఆ రోజు కాగితం మీద లెక్క వేసుకున్నాను, ఆ కాగితం ఇంకా ఉంది. అయిదేళ్ల పిల్ల రెండు వేళ్లతో లాగితే అంతకంటే ఎక్కువే బలం వస్తుంది. నా చేతులు బాగుండి ఉంటే జోసీ ఇప్పుడు లేదు.

నీకు రెండో నంబరు చెయ్యలేను. ఎవరిచేతనైనా చేయించగలను, ఊళ్లో మంచి పనివాళ్లే ఉన్నారు. కానీ నీ వేలికి వచ్చే ట్రిగ్గర్ ఆ పిల్ల వేలికీ వస్తుంది. ఆ సంగతి తెలిసీ వాళ్ల దగ్గరికి నా అంతట నేను తీసుకెళ్లలేను.

డెల్బర్ట్


క్విల్లెన్ ఫోర్క్
మే 17

డెల్బర్ట్,

రెండేళ్లు నా చేతుల్ని తిట్టుకున్నాను. కడుపులో మంట పుట్టించే మాత్రలు మింగాను. రేపు ఇంజెక్షన్ కూడా పట్టుకోలేనేమో, ఉద్యోగం పోతుందేమో అని కుమిలిపోయాను. నీకు రాసినప్పుడల్లా నువ్వు చదివి ఊరుకున్నావు.

దేవుడనుకుని దండం పెట్టుకున్నది నీ అబద్ధానికి. నీ మీద కోపం తెచ్చుకోవాలో, నీ కాళ్లు కడగాలో నాకు తెలియడం లేదు. తెలిసేదాకా రాయకు.

వెర్నెల్


ఆర్డెల్
జూలై 30

చెల్లీ,

రాయవద్దన్నావు. పదివారాలు ఆగాను.

కొట్టు మూసేశాను. సామాను లైమన్ తీసుకున్నాడు. గోడ మీది ఉత్తరం ఒక్కటే ఇంట్లోకి తెచ్చుకున్నాను. అలవాటు కొద్దీ కంపెనీకి చివరిసారి రాద్దామని కూర్చున్నాను. కీళ్లనొప్పులున్న ఆడమనిషికి సులువుగా రావాలి, చిన్నపిల్లకు అసలు రాకూడదు, అలాంటి మధ్య సైజు ఒకటి చెయ్యండి అని మొదలుపెట్టాను. రెండు వాక్యాలయ్యాక, అలాంటిది ఉండదని కంపెనీవాడికంటే నాకే బాగా తెలుసనిపించి ఆపేశాను.

నిన్ను ఏదీ వద్దనడం లేదు. ఆ రోడ్డు మీద తిరిగేది నువ్వు, నేను కాదు. నీ చెంప కుట్లు విప్పిన రోజు ఆసుపత్రిలో నీ పక్కనే ఉన్నాను, ఆ మొహం నేను మర్చిపోలేదు. ఆ చిన్న రివాల్వర్ నీకు కొనిపెట్టింది కూడా నేనే. ఏం చేసినా నువ్వు ఆలోచించే చేస్తావు.

అబద్ధం ఆడినందుకు క్షమించు. దానివల్ల మంచి జరిగిందని నన్ను క్షమించకు. అది నేను ఆశించి చేసింది కాదు.

పిల్ల ఎలా ఉందో ఒక్క ముక్క రాయి.

అన్న


క్విల్లెన్ ఫోర్క్
అక్టోబరు 20

అన్నయ్యా,

కోపం పోయింది. ఎప్పుడు పోయిందో చూసుకోలేదు. ఒక రోజు రొట్టె పిండి కలుపుతూ, ఇది డెల్బర్ట్‌కు ఇష్టం కదా అనుకున్నాను. అంతే.

నువ్వు రాసిన సంగతి జూన్‌లోనే కార్లీన్‌తో చెప్పాను. చర్చి బయట కనపడితే పట్టుకుని చెప్పాను. మామయ్య చేతులు వణకబట్టి ట్రిగ్గర్ తేలిక చెయ్యలేదట, అందుకే మన జోసీ బతికింది, చూశావా దేవుడి లీల అన్నాను. విని కరుగుతుందనుకున్నాను. అది మాత్రం ఇలా అంది.

"అంటే అది తేలిగ్గా పేలుతుందనుకునే కదమ్మా సంచీలో పెట్టుకున్నావ్? అనుకునే కదా మంచం మీద పడేశావ్?"

ఇన్ని నెలలూ ఆ రోజును ఎన్నిసార్లో తలుచుకున్నాను గాని, ఆ మాట ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. సైజుదే తప్పనుకున్నాను. మధ్య సైజు దొరికితే అన్నీ సర్దుకుంటాయనుకున్నాను. నీకు ఆ కొయ్య ముక్కల గురించి ఎంత సంబరంగా రాశానో గుర్తొస్తే తల ఎత్తలేకపోతున్నాను.

నీ జూలై ఉత్తరం అందిన వారంలోనే రెండు రివాల్వర్లూ రాయిస్ తమ్ముడికి ఇచ్చేశాను. ఇచ్చినట్టు కాగితం రాయించి కార్లీన్‌కు పంపాను. ఆ మర్నాడు ఎల్క్ లిక్ రోడ్డు ఎక్కాను. మొదటి మలుపు దాకా వెళ్లగలిగాను. అక్కడ చెట్టు కింద ఎవరో కారు ఆపుకుని ఉన్నారు, తేనెపెట్టెలు దింపుకుంటున్నారు పాపం. కారు వెనక్కి తిప్పుకుని వచ్చేశాను. మూడు రోజులు ప్రయత్నించాను. నాలుగో రోజు ఆఫీసులో చెప్పేశాను. ఇప్పుడు ఊళ్లో వృద్ధుల నిలయంలో మాత్రలు పంచుతున్నాను. నున్నటి నేల, గుమ్మానికి కాపలా. పని సులువే.

నా తొమ్మిది ఇళ్లకూ ఇంకో నర్సును వేస్తామన్నారు. ఇంకా వెయ్యలేదు. ఆ రోడ్డుకు ఎవరూ రామంటున్నారట. హైరమ్ సెక్స్‌టన్ ఆగస్టు చివర్లో పోయాడు. ఆక్సిజన్ మిషను ఆగిపోయింది. మూడో రోజున పోస్టుమ్యాన్ చూశాడు. నేను వెళ్లే రోజు మంగళవారం. ఆయన పోయింది సోమవారమో మంగళవారమో అన్నారు. ఏ రోజని ఎవరినీ అడగలేదు, అడిగి తెలుసుకునే ధైర్యం నాకు లేదు. సమాధి దగ్గర ఆయన కోడలు నా చెయ్యి పట్టుకుని, "మీ గురించి ఎప్పుడూ చెప్పేవాడమ్మా, నర్సమ్మ దగ్గర కొయ్య తుపాకీ ఉందని" అంటూ నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు.

మంగళవారం ఆ రోడ్డు మీద నాతో ఉండి, ఆదివారం నా ఇంట్లో ఉండనిది కావాలి నాకు. అది ఏ సైజులోనూ లేదు. ఒకటి వదులుకోవాలి. వదులుకున్నాను. సరైనదే వదులుకున్నానని పగలంతా అనుకుంటాను. హైరమ్ గుర్తొచ్చినప్పుడు మాత్రం ఏమీ అనుకోలేను.

ఇక నువ్వడిగిన ముక్క. నిన్న ఆదివారం జోసీ వచ్చింది. ఏడాది అయింది దాన్ని దగ్గరగా చూసి. పై పళ్లు రెండు ఊడాయి, కాళ్లు పొడుగు సాగాయి. ఆపిల్ ముక్కలు పొరలు పొరలుగా పెట్టి కేకు చేశాను. పొద్దుటి నుంచి అరుగు మీదే నిలబడ్డాను. కార్లీన్ కారు ఆపింది గాని ఇంజిను ఆపలేదు, తనూ దిగలేదు. పిల్ల ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. నేను వంగి చేతులు చాచాను. గట్టిగా వాటేసుకుంది. దాని జుట్టు వాసన నాకు తగిలింది, కళ్లు మూసుకున్నాను.

అప్పుడు దాని చేతులు నా నడుముకు దిగాయి. కుడివైపు తడిమింది, ఎడమవైపు తడిమింది, వెనక్కి పోనిచ్చి బెల్టు దగ్గర తడిమింది. వంగి నా చీలమండలు రెండూ పట్టుకుని చూసింది. వాళ్లమ్మ నేర్పి పంపింది. ఏ ఒక్కటీ మర్చిపోకుండా, బడిలో పద్యం ఒప్పజెప్పినంత శ్రద్ధగా చేసింది. తర్వాత కారు వైపు తిరిగి, "లేదమ్మా!" అని కేకేసింది. కార్లీన్ ఇంజిను ఆపింది.

అంతసేపూ నేను రెండు చేతులూ పైకెత్తే నిలబడ్డాను అన్నయ్యా, పిల్లకు వెతకడానికి వీలుగా ఉంటుందని.

నీ వెర్నెల్